వేసవి సెలవులకు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలు సమకూర్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి వారంలో సెలవులిస్తే మళ్ళీ తలుపులు తెరిచేది జూన్ రెండో వారంలోనే. అంటే దాదాపు ఏడు వారాలు. అందులో రోహిణి కార్తె కూడా ఉంటుంది. రోళ్లు పగిలే ఆ ఎండలో ఉదయం పదకొండు దాటాక సాయంత్రం అయిదు దాకా గడప దాటే పని పెట్టుకునేవారు తక్కువ. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకు ఇంతకు మించిన అదను ఏడాదిలో మరొకటి దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ రెండు రకాల పుస్తకాలలోనూ మొదటి యాభై పేజీలు పాఠకుడి నుంచి చాలా ఓపిక కోరతాయి. కొత్త లోకం, కొత్త పేర్లు, ఆ లోకానికి మాత్రమే చెల్లే నియమాలు, కొన్నిటిలో ఒక పటం కూడా ఉంటాయి. పనిరోజుల్లో రాత్రికి ఆరు పేజీల చొప్పున చదివితే నాలుగో రాత్రికి ఎవరు ఎవరో మరిచిపోతాం, పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అదే యాభై పేజీలను ఒక మధ్యాహ్నం ఏకబిగిన చదివితే ఆ లోకం మనసులో నిలబడిపోతుంది, మిగతా మూడు వందల పేజీలు వాటంతటవే కదులుతాయి.

అయితే ఆ మధ్యాహ్నం వచ్చేసరికి పుస్తకం చేతిలో ఉండాలి. మే నెల ఎండలో కొట్లు తిరగడం కష్టం, తెప్పించుకున్న పార్సిలు మనం ఊరికి వెళ్ళాక ఇంటికి చేరుతుంది, అమ్మమ్మగారి ఊళ్ళో సిగ్నల్ అందక డౌన్‌లోడ్ సగంలో నిలిచిపోతుంది. కనుక ఉగాది నాటికి జాబితా రాసుకుని, ఏప్రిల్ మూడో వారానికల్లా పుస్తకాలు ఇంట్లో ఉండేలా చూసుకోవడం మంచిది. ఆ పని ఏ క్రమంలో చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మొదటి అడుగు: పుస్తకాల కన్నా ముందు గంటలు లెక్క పెట్టుకోవడం

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. పేరున్న పుస్తకాల జాబితా ఒకటి దొరకగానే పదిహేను కొనేస్తారు, జూన్ నాటికి రెండు పూర్తవుతాయి, మిగిలిన పదమూడింటినీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. దానికి బదులు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మీరు చదవబోయే భాషలోనే, చదవబోయే రకం పుస్తకాన్నే తీసుకుని, ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుని, మామూలు వేగంతో చదివి పేజీలు లెక్కించండి. తెలుగులో వేగంగా చదివే చాలామందికి ఇంగ్లీషులో ఆ వేగం సగానికి పడిపోతుంది. అందువల్ల రెండు భాషలకూ విడివిడిగా లెక్క కట్టాలి.

ఉదాహరణకు మీ వేగం గంటకు 30 పేజీలు అనుకుందాం. రోజుకు ఒక గంట చొప్పున 49 రోజులకు 1,470 పేజీలు. వేసవి అంటే పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, చుట్టాలు, ఆవకాయ రోజులు కూడా కనుక అందులో నాలుగో వంతు తీసేయండి. మిగిలేది 1,100 పేజీలు. అంటే మూడు వందల పేజీల నవలలు రెండు, రెండు వందల పేజీలవి రెండు, నూరు పేజీల చిన్న పుస్తకం ఒకటి. వేసవికి కావలసిన దొంతర అంతే. రోజుకు మూడు గంటలు చదవగలిగే కాలేజీ విద్యార్థి దీన్ని మూడింతలు చేసుకోవచ్చు. దానిపైన ఇంకో రెండు పుస్తకాలు మాత్రం అదనంగా ఉంచుకోండి. మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోతే వెంటనే తీసుకోవడానికి మరొకటి సిద్ధంగా ఉండాలి.

రెండో అడుగు: ఏ పేరుతో అడగాలో తెలుసుకోవడం

తెలుగు పుస్తకాల కొట్టుకు వెళ్ళి ఫాంటసీ కావాలని అడిగితే ఇంగ్లీషు పుస్తకాల అర చూపిస్తారు. మన దగ్గర ఆ సాహిత్యం లేక కాదు, దాన్ని మనం పిలుచుకునే పేరు వేరు కావడం వల్ల. రాజకుమారుడు, మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలోని చిలుకలో దాచిన ప్రాణం, ఇవన్నీ ఉన్న కథలను మనవాళ్ళు జానపదాలంటారు. సినిమాకూ అదే మాట, నవలకూ అదే మాట. కనుక జానపద నవలలు అని అడగండి. బాలసాహిత్యం అరలో కూడా వెతకండి, ఎందుకంటే పెద్దలు చదవదగిన మంచి అద్భుత కథలు అనేకం అక్కడే ఉంటాయి. చేతబడి, కాష్మోరా వంటి ఇతివృత్తాలతో 1980 దశకంలో విపరీతంగా నడిచిన నవలలను క్షుద్ర నవలలంటే కొట్టతను గుర్తుపడతాడు. సైన్స్ ఫిక్షన్‌కు వైజ్ఞానిక కల్పన అన్న పేరు వ్యాసాల్లో కనిపిస్తుంది గానీ, కొట్లో సైన్స్ ఫిక్షన్ అనే అడగాలి. ఆ పుస్తకాలకు ప్రత్యేకంగా అర ఉండకపోవచ్చు. సస్పెన్సు నవలల మధ్యనో, సైన్సు వ్యాసాల పక్కనో ఉంటాయి. రచయిత పేరు రాసిపెట్టుకుని వెళ్ళడం ఉత్తమం.

మూడో అడుగు: దొంతర అడుగున తెలుగు పుస్తకాలు పెట్టడం

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వేసవి దొంతరలో కనీసం మూడో వంతు తెలుగు పుస్తకాలు ఉండాలి. అభిమానం ఒక్కటే దీనికి కారణం కాదు. అద్భుతాన్ని నమ్మించే కథనం మనకు అతి పాతది, దాన్ని రుచి చూసినవారికి ప్రపంచ ఫాంటసీ త్వరగా వంటబడుతుంది.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలతో మొదలుపెట్టవచ్చు. ఇవి పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ, వెంట వచ్చిన పశువుల కాపరి కుర్రవాడికి ఒక్కో మజిలీలో ఒక్కో కథ చెబుతాడు. ప్రయాణమే చట్రం, మజిలీయే అధ్యాయం. అలసట తెలియకుండా మర్నాడు మళ్ళీ నడిపించడానికి ఏ కథ ఎక్కడ ఆపాలో ఆ యతికి బాగా తెలుసు. భాష గ్రాంథికం కావడంతో కొత్తవారికి మొదటి ఇరవై పేజీలు బరువుగా అనిపిస్తాయి, అయితే గట్టిగా పైకి చదివితే రెండో రోజుకే నాలుక అలవాటుపడుతుంది. పన్నెండు భాగాలూ ఒకేసారి కొనకండి. మొదటి భాగం ఒక్కటి తెచ్చుకుని, నచ్చితే తరువాతి వేసవికి మిగిలినవి చూసుకోండి.

ఆ తరువాత చందమామ సీరియళ్ళు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం వరుసగా జానపద సీరియళ్ళు రాశారు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ వంటి పేర్లు వింటే ఇప్పటికీ అరవై దాటినవారి ముఖాలు వెలుగుతాయి. ఆ సీరియళ్ళకు రచయిత పేరు వేసేవారు కాదు, కాబట్టి పాఠకుల్లో చాలామందికి ఆయనెవరో ఎంతో కాలం తెలియలేదు. వాటిలో కొన్ని ఆ తరువాత పుస్తకాలుగా వచ్చాయి. నెలకు ఒక భాగం చొప్పున రాసినవి గనుక ప్రతి భాగం ఒక ఆపదలో ముగుస్తుంది. పిల్లలకు రాత్రిపూట ఒక్కో భాగం చదివి వినిపించడానికి ఇంతకన్నా అనువైనవి నాకు తెలియవు. చిత్ర అన్న పేరుతో బొమ్మలు వేసిన చిత్రకారుడి బొమ్మలున్న ప్రతి దొరికితే వదలకండి. మకరముఖాలు, ఒంటికొమ్ము మృగాలు, పర్వతాల అంచున నిలిచిన కోటలు ఆయన గీతలోనే మన తరాల కళ్ళకు కట్టాయి.

విశ్వనాథ సత్యనారాయణ పేరు చెప్పగానే బరువైన నవలలే గుర్తుకొస్తాయి గానీ, ఆయన రాసిన హాహాహూహూ చిన్న పుస్తకం, అచ్చమైన ఫాంటసీ. గుర్రపు తల ఉన్న గంధర్వుడొకడు లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ చౌకులో పడతాడు. అతణ్ణి చూసి అక్కడి పండితులూ అధికారులూ ఏమేమి తర్కాలు చేస్తారో చదవవలసిందే. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు అన్న ఆయన మరో పుస్తకంలో పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మా, తిక్కన సోమయాజీ రచయిత కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. ఈ రెండింటినీ వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి అనువదించగా పెంగ్విన్ సంస్థ 2018లో ఒకే సంపుటంగా తెచ్చింది. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని అమెరికా పిల్లలకు ఇవ్వడానికి ఇది చక్కని పుస్తకం. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం కూడా అటువంటిదే. కథలో కథ, దానిలో మరో కథ, చివరికి అన్నీ ఒకే ముడికి చేరడం ఆ కావ్యంలోని విద్య. దానికి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది.

తెలుగు సైన్స్ ఫిక్షన్ అర ఇంతకన్నా చిన్నది, అయినా ఖాళీగా లేదు. చందమామ సంపాదకత్వం నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు గ్రహశకలం అన్న నవల రాశారు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం క్షుద్ర నవలగా వారపత్రికలో సంచలనం రేపితే, ప్రపంచం ముగిసిపోతుందన్న ఊహతో నడిచే యుగాంతం ఆయన సైన్స్ ఫిక్షన్ వైపు వేసిన అడుగు. కాలిఫోర్నియాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు సైన్సు వ్యాసాలతో పాటు సైన్స్ ఫిక్షన్ కథలు కూడా తెలుగులో రాశారు. వృత్తిరీత్యా వైద్యుడైన చిత్తర్వు మధు రాసిన కుజుడి కోసం పేరులోనే గమ్యం చెబుతుంది. వీటిలో కనీసం ఒక్కటైనా మీ దొంతరలో ఉండాలని కోరుతున్నాను. కొనేవారు ఉంటేనే ఈ అర పెరుగుతుంది.

ఇంట్లో పాత అటక ఉంటే అక్కడ కూడా ఒకసారి చూడండి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్‌ను ప్రతివారం చించి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకునే అలవాటు మన ఇళ్ళలో ఒకప్పుడు బలంగా ఉండేది. మా పిన్ని దాచిన అటువంటి బైండు ఒకటి నా దగ్గర ఉంది. నల్ల కాలికో అట్ట, వీపు మీద తెల్ల సిరాతో పేరు, లోపల ప్రతి భాగం చివర సగం తెగిన సబ్బుల ప్రకటన. ముప్పై రెండో భాగం మాత్రం లేదు. ఆ వారం పత్రిక ఎవరో అడిగి పట్టుకెళ్ళారట. ఆ ఖాళీ దగ్గర పిన్ని ఒక తెల్ల కాగితం అంటించి, జరిగిన కథను పది వాక్యాల్లో తన చేతిరాతతో రాసి పెట్టింది. ఇటువంటి ప్రతి ఏ కొట్లోనూ దొరకదు.

నాలుగో అడుగు: ఉచితంగా దొరికే పాత పుస్తకాలను సరైన ప్రతిలో తీసుకోవడం

సైన్స్ ఫిక్షన్ పునాదిరాళ్ళలో చాలావాటికి కాపీరైటు గడువు తీరిపోయింది. భారతదేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళకు ఆ హక్కు ముగుస్తుంది. 1905లో మరణించిన జూల్స్ వెర్న్, 1946లో మరణించిన హెచ్.జి. వెల్స్ రచనలు ఇక్కడ అందరివీ. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ఉచిత ఈపుస్తకాల భాండాగారం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో వీటిని ఈపబ్ అనే ఈపుస్తకపు ఫైలు రూపంలో ఉచితంగా దించుకోవచ్చు. ఉచితం కదా అని మొదట కనిపించిన ప్రతిని దించుకోవడం మాత్రం సరికాదు. 1869, 1870లలో వెలువడిన వెర్న్ సముద్రగర్భ యాత్ర నవల ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీకి గుటెన్‌బర్గ్‌లో రెండు ఇంగ్లీషు అనువాదాలున్నాయి. పాతదైన మెర్సియర్ అనువాదంలో మూలంలోని పెద్ద భాగాలు వదిలేశారు, సైన్సు లెక్కలు అనేక చోట్ల తప్పాయి. ఎఫ్.పి. వాల్టర్ చేసినది సంపూర్ణ అనువాదం. పాతది చదివి, వెర్న్‌కు సైన్సు తెలియదని తేల్చేసిన పాఠకులు ఎందరో ఉన్నారు. ఆ నింద అనువాదకుడికి చెందవలసినది.

మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్‌కు కూడా 1818 నాటి ప్రతి, ఆమే సవరించిన 1831 నాటి ప్రతి అని రెండున్నాయి. మొదటిసారి చదివేవారికి 1818 నాటిది నా సలహా, అందులోని వేడి సవరణలో కొంత తగ్గింది. ఈ నవల పుట్టుక కూడా ఒక వేసవితో ముడిపడి ఉంది. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, ఆ ధూళి ఆకాశాన్ని కమ్మేయడంతో మరుసటి ఏడాది ఐరోపాలో వేసవే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున ఎడతెగని వానకు ఇంట్లో చిక్కుపడిన మిత్రబృందం తలా ఒక దయ్యం కథ రాయాలనుకుంది. పద్దెనిమిదేళ్ళ మేరీకి ఆ రోజుల్లోనే ఈ ఊహ కలిగింది. వాళ్ళు వానకు లోపల ఉండిపోయారు, మనం ఎండకు.

వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం (ది టైమ్ మెషీన్) నవల నూరు పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు మధ్యాహ్నాల్లో పూర్తయ్యే ఇటువంటి పుస్తకంతో వేసవి మొదలుపెడితే ఉత్సాహం నిలుస్తుంది. ఇదే వరుసలో మన దేశపు రచనలు రెండు చేర్చుకోండి. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో రాసిన కథలో ఒక సీసాడు తల నూనె సముద్రంలో పోయడంతో తుఫాను శాంతిస్తుంది. ద్రవాల తలతన్యత అన్న సైన్సు సూత్రం మీద ఆయన అల్లిన సరదా అది. బేగం రొకేయా ఇంగ్లీషులో రాసిన సుల్తానాస్ డ్రీమ్‌లో స్త్రీలు సూర్యరశ్మిని పట్టి వంటకూ యుద్ధానికీ వాడతారు, పురుషులు లోగిలిలో ఉంటారు. 1905లో దాన్ని ప్రచురించినది మద్రాసు నుంచి వెలువడిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. అది పదిహేను పేజీలు దాటని కథ. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం సూర్యరశ్మితో వంట చేసే ఆ వీధుల గురించి చదవడం ఒక ప్రత్యేకమైన అనుభవం.

అయిదో అడుగు: డబ్బు పెట్టి కొనేవాటిని ఆచితూచి ఎంచుకోవడం

ఫాంటసీలో పెద్ద ఉచ్చు వరుస నవలలు. కొనే ముందు మూడు విషయాలు కనుక్కోవాలి. వరుస పూర్తయిందా, మొదటి భాగం ఒక్కటే చదివినా కథ ఒక కొలిక్కి వస్తుందా, ఏ క్రమంలో చదవాలి. 1954, 1955లలో మూడు సంపుటాలుగా వచ్చిన టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ నిజానికి ఒకే నవల. వెయ్యి పేజీలు దాటుతుంది, మొదటి సంపుటం దగ్గర ఆగితే కథ నడిదారిలో ఉంటుంది. పైన కట్టిన లెక్క ప్రకారం అదొక్కటే మీ వేసవి మొత్తాన్ని తినేయగలదు. అలా తినేయడం మీకు ఇష్టమైతే అంతకన్నా ఆనందం లేదు, ఆ సంగతి ముందే తెలిసి దిగాలి. కొత్తవారు 1937లో వచ్చిన హాబిట్‌తో మొదలుపెట్టడం మంచిది. అది మూడు వందల పేజీల్లో ముగిసే సంపూర్ణమైన కథ.

ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మొదటి నవల రెండు వందల పేజీలే. తెలుగు పాఠకులకు దీన్ని నేను మళ్ళీ మళ్ళీ సిఫార్సు చేస్తాను. ప్రతి వస్తువుకూ ఒక నిజమైన పేరు ఉంటుందని, ఆ పేరు తెలిసినవాడికే దానిమీద అధికారమని ఆ లోకపు నియమం. బీజాక్షరాలు, గుప్తనామాల గురించి విని పెరిగిన మనకు అది వివరించనక్కరలేదు, చదివిన వెంటనే ఎరిగిన ఊరిలా ఉంటుంది.

సైన్స్ ఫిక్షన్‌లో ఆర్థర్ క్లార్క్‌ను దక్షిణాదివాళ్ళు ప్రత్యేకంగా చూడాలి. ఆయన 1956 నుంచి శ్రీలంకలో స్థిరపడ్డారు. 1979లో రాసిన ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్‌లో భూమి నుంచి అంతరిక్షానికి ఒక లిఫ్టు కట్టే ఇంజనీరు కథ చెప్పారు. శ్రీలంక నమూనాగా కల్పించిన ద్వీపం, కొండమీద బౌద్ధ విహారం, ఆ చోటు వదలడానికి ఒప్పుకోని భిక్షువులు అందులో ఉంటారు. అసిమోవ్ ఫౌండేషన్ 1940 దశకంలో పత్రికలో విడివిడి కథలుగా వచ్చి 1951లో పుస్తకమైంది. దాన్ని ఒక్కో కథగా, నిద్ర ముంచుకొచ్చే మధ్యాహ్నాల్లో కూడా చదువుకోవచ్చు. ఆ వరుసను కథాకాలం ప్రకారం కాకుండా ప్రచురించిన క్రమంలో చదవాలి. తరువాత రాసిన, అంతకు ముందు కాలంలో జరిగే కథలు పాత పుస్తకాల ఆశ్చర్యాన్ని ముందే విప్పేస్తాయి. లియూ సిషిన్ త్రీ బాడీ ప్రాబ్లమ్‌కు కెన్ లియూ చేసిన ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చి, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు పొందింది. చైనా సాంస్కృతిక విప్లవంతో మొదలయ్యే ఆ నవలను ఫిజిక్సు మీద ఆసక్తి ఉన్న ఇంటర్ విద్యార్థి వదలకుండా చదువుతాడు. మన దేశపు భాషల నుంచి ఒకే చోట రుచి చూడాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ 1993లో బాల్ ఫోండ్కే సంపాదకత్వంలో తెచ్చిన ఇట్ హాపెన్డ్ టుమారో అన్న కథల సంకలనం వెతకండి.

సమయం తక్కువ ఉన్నవారికి ఇంకొక కిటుకు చెబుతాను. హ్యూగో అవార్డుల్లో నవెల్లా అని ఒక విభాగం ఉంది. 17,500 నుంచి 40,000 మాటల లోపు ఉన్న రచనలకు దాన్ని ఇస్తారు. అంటే నూరు, నూట యాభై పేజీల పుస్తకం. గత పదేళ్ళలో ఆ విభాగంలో గెలిచినవాటి జాబితా తీసుకుని అందులోంచి రెండు ఎంచుకుంటే, వారాంతానికి ఒకటి చొప్పున పూర్తిచేయగలుగుతారు.

ఏ పుస్తకమైనా కొనే ముందు మొదటి పది పేజీలు చదవండి. వెనక అట్టమీది పొగడ్తలు మొదటి పేజీలోని వాక్యాల నడక ఎలా ఉంటుందో చెప్పవు.

ఆరో అడుగు: ఎక్కడ దొరుకుతాయి, పాత ప్రతిని ఎలా పరీక్షించాలి

హైదరాబాద్‌లో డిసెంబరులో, విజయవాడలో జనవరిలో జరిగే పుస్తక ప్రదర్శనలు వేసవికి ముందే ముగుస్తాయి గనుక, దూరదృష్టి ఉన్నవారు తెలుగు పుస్తకాలను అక్కడే కొని దాచుకుంటారు. ఆ అదను తప్పితే విశాలాంధ్ర, నవోదయ వంటి కొట్లు ఉండనే ఉన్నాయి. ఇంగ్లీషు పాత పుస్తకాలకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచే అంగళ్ళు, విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్లు, బెంగళూరు చర్చ్ స్ట్రీట్ నాకు ఇష్టమైన చోట్లు. పేవ్‌మెంటుకు ఎండ ఎక్కకముందే, ఉదయం తొమ్మిదిన్నర పదింటికి వెళ్ళండి. సంచి గుడ్డది తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచి చెవులు నాలుగో పుస్తకానికే తెగుతాయి.

పాత ప్రతి చేతికి తీసుకోగానే ధర అడగవద్దు. ముందు పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి నెమ్మదిగా విప్పండి. కుట్టు బైండింగు అయితే పేజీలు గుత్తులుగా కదులుతాయి, గమ్ బైండింగు అయితే పాత జిగురు చిటచిటమని విరుగుతుంది. అది విరిగిన పుస్తకం మే నెల వేడికి ఇంట్లో ఆకులాకులుగా ఊడివస్తుంది. పుస్తకం సాధారణంగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది, ఊడిపోతే ఒక్క పేజీ కాదు, ఫారం ఫారమే పోతుంది. అందుచేత 16, 32, 48 అని పదహారు చొప్పున పేజీ అంకెలు తిరగేస్తూ వెళితే లోపం అర నిమిషంలో తెలుస్తుంది. చివరి పేజీ తప్పకుండా చూడండి. ఒక కొట్లో మురిసిపోతూ కొన్న అంతరిక్ష నవలకు ఆఖరి ఎనిమిది పేజీలు లేవని నాకు మూడు వందల పేజీలు చదివాక గానీ తెలియలేదు. పటం ఉండవలసిన ఫాంటసీ పుస్తకంలో ఆ పటాన్ని ఎవరైనా కత్తిరించుకున్నారేమో కూడా చూసుకోవాలి. సన్నని రంధ్రాలు వరుసగా పుస్తకం లోపలికి వెళ్తుంటే అది పురుగు పని. అటువంటి పుస్తకాన్ని ఎంత చవకైనా ఇంటి అరలోకి రానివ్వకండి.

గ్రంథాలయాలను చాలామంది పోటీ పరీక్షల వారి చోటుగా వదిలేశారు. అది పొరపాటు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో 1970, 80 దశకాల తెలుగు నవలలు ఇప్పటికీ ఉన్నాయి, కొట్లో దొరకనివి కూడా అక్కడ దొరుకుతాయి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్లకు సెలవుల్లో ఒక పూట పిల్లలను తీసుకెళ్ళండి. సభ్యత్వం సెలవులకు ముందే తీసుకోండి, ధరావతు కట్టడానికీ హామీ సంతకానికీ ఒక్కోసారి రెండు మూడు సార్లు తిరగవలసి వస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ విషయంలో గొప్ప సౌకర్యం ఉంది. ఊరి గ్రంథాలయం కార్డుతో లిబ్బీ యాప్‌లో ఈపుస్తకాలు, ఆడియో పుస్తకాలు ఉచితంగా వస్తాయి. పేరున్న ఫాంటసీకి వరుస వారాల తరబడి ఉంటుంది గనుక, అక్కడి సెలవులు మొదలయ్యే జూన్‌కు కావలసినవాటికి ఏప్రిల్‌లోనే వరుసలో పేరు పెట్టుకోవాలి.

ఏడో అడుగు: తెర మీద చదివేవారి ఏర్పాట్లు

తెలుగు పాత పుస్తకాల స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో విస్తారంగా ఉన్నాయి, కాశీమజిలీ కథలూ అందులో దొరుకుతాయి. అవి పేజీల ఫోటోలు మాత్రమే కాబట్టి ఆరంగుళాల ఈరీడర్‌లో అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. పదంగుళాల టాబ్లెట్ అయితే హాయిగా చదవవచ్చు. ఈపబ్‌కు ఈ బాధ లేదు, అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. ప్రయాణానికి ముందు ప్రతి పుస్తకాన్నీ దించుకుని, ఇంటర్నెట్ ఆపేసి ఒకసారి తెరిచి చూడండి. కొన్ని యాప్‌లు అట్టబొమ్మ చూపిస్తాయి గానీ లోపలి పుస్తకం దిగి ఉండదు. కళ్ళు అలసినవారికి, ఆవకాయ ముక్కలు తుడుస్తూ వినాలనుకునేవారికి లిబ్రివాక్స్‌లో వెల్స్, వెర్న్ రచనలు ఉచితంగా వినడానికి ఉన్నాయి. చదివేవారు స్వచ్ఛంద కార్యకర్తలు గనుక గొంతులు రకరకాలుగా ఉంటాయి, అయిదు నిమిషాలు విని ఎంచుకోండి.

ఎనిమిదో అడుగు: ఎవరి దొంతర వారికి వేరు చేయడం

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు చందమామ సీరియళ్ళు చాలు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళవారికి వెర్న్, హాబిట్, ఎర్త్‌సీ. క్షుద్ర నవలలను ఈ వయసువారి చేతికి అందకుండా ఉంచండి. వాటిలో హింస, భయం మోతాదు ఎక్కువ, ఆరుబయట పడుకునే రాత్రుల్లో ఆ భయం రెట్టింపవుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లవాడు తెలుగు చదవనని మొరాయిస్తే పోరుపెట్టకండి. తాతయ్యో అమ్మమ్మో మొదటి రెండు భాగాలు చదివి వినిపించి, మూడోది ఆపద దగ్గర ఆపి, పుస్తకం అక్కడే మంచం మీద పెట్టి లేచి వెళ్ళాలి. తరువాతి పేజీ ఎవరు తిప్పుతారో మీరే చూస్తారు.

తొమ్మిదో అడుగు: పేర్చడం, కాపాడటం

దొంతరను చదవబోయే క్రమంలో పేర్చండి. మొదట నూరు పేజీల పుస్తకం, తరువాత తెలుగు జానపదం, ఆ తరువాత పెద్ద నవల. ఎండలు మండిపోయే రోహిణి కార్తె రెండు వారాలూ పెద్ద నవలకు కేటాయించండి, అప్పుడే ఇల్లు కదలని గంటలు ఎక్కువ దొరుకుతాయి. మృగశిర వచ్చి తొలకరి పడే రోజులకు కథల సంపుటం ఉంచుకోండి. బడి పుస్తకాలకు అట్టలు వేసే హడావిడిలో నవలకు చోటుండదు, ఒక్కో కథకు మాత్రం ఉంటుంది.

రేకుల కప్పు కింద, కారులో, కిటికీ దగ్గర పడమటి ఎండలో పుస్తకాలు ఉంచవద్దు. గమ్ బైండింగు మెత్తబడి వీపు వంకర తిరుగుతుంది. అటక మీద నుంచి దించిన పాత పుస్తకాలను ఒక పూట నీడలో, గాలి తగిలేలా నిలువుగా విప్పిపెట్టి, బ్రష్షుతో దుమ్ము దులిపి, బాగా ఆరిన వేపాకు గుడ్డలో మూటకట్టి అరలో ఉంచండి. పచ్చి ఆకు పేజీల మధ్య పెడితే మచ్చ పడుతుంది. కలరా ఉండలు వాడేట్లయితే పిల్లలకు అందని మూలలో పెట్టాలి.

జూన్ మొదటి ఆదివారం దొంతరలో మిగిలినవాటిని మూడుగా విడదీయండి. గ్రంథాలయానివి ఒక సంచిలో వేసి గడువు తేదీ రాసి గుమ్మం పక్కన పెట్టండి. మరొకరికి నచ్చుతాయనిపించినవి ఊరికి తిరిగివెళ్ళే చుట్టాల పెట్టెల్లోకి పంపండి. సగంలో ఆగిన పెద్ద నవల ఉంటే, ఇంతవరకు జరిగిన కథను ఒక చిన్న కాగితం మీద పది వాక్యాల్లో రాసి, ఆగిన పేజీలోనే ఉంచి మూసేయండి.